లారీ టర్బోఛార్జర్: మార్చాల్సిన సమయాన్ని గుర్తించడం

ఇంజిన్ బయటికి వదిలే వేడి వాయువుల బలంతో తిరుగుతూ, ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని ఒత్తిడితో నింపే పరికరం టర్బోఛార్జర్. డ్రైవర్లు, మెకానిక్కులు దీన్ని టర్బో అంటారు. నేటి డీజిల్ లారీల్లో ఇది లేని బండి దాదాపు కనిపించదు. లక్షల కిలోమీటర్లు తిరిగిన ఇంజిన్ మీదున్న టర్బోను ఎప్పుడు మార్చాలన్నది ఓనర్లకూ షెడ్డు మెకానిక్కులకూ తరచూ ఎదురయ్యే ప్రశ్న. క్లచ్ ప్లేటు, బ్రేక్ లైనర్ల లాగా ఇది కిలోమీటర్ల లెక్కన అరిగే వస్తువు కాదు. శుభ్రమైన ఆయిలూ శుభ్రమైన గాలీ అందితే ఇంజిన్ ఉన్నంతకాలం ఉండేలా దీన్ని తయారు చేస్తారు. ముందే చెడిందంటే కారణం చాలాసార్లు టర్బో బయటే ఉంటుంది. కాబట్టి ఓడోమీటరును బట్టి కాక, కొలతలు తీసుకుని, కారణం తేల్చుకుని మార్చాలి.

చరిత్ర

స్విట్జర్లాండ్‌కు చెందిన ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లో ఈ పరికరానికి పేటెంటు పొందాడు. సిలిండర్ల నుంచి వృథాగా పోతున్న వేడిని మళ్లీ పనిలో పెట్టాలన్నది అతని ఆలోచన. ఆ వేడినీ వేగాన్నీ తట్టుకునే లోహాలు అప్పటికి లేకపోవడంతో అది ఆచరణకు రావడానికి రెండు దశాబ్దాలు పట్టింది. 1925 ప్రాంతంలో రెండు జర్మన్ ఓడల డీజిల్ ఇంజిన్లకు టర్బో బిగించినప్పుడు వాటి శక్తి 1,750 నుంచి 2,500 హార్స్‌పవర్‌కు పెరిగింది. లారీ ఇంజిన్‌కు తొలి టర్బోను 1938లో స్విస్ సంస్థ సౌరర్ అమర్చింది. 1954లో వోల్వో తన టైటాన్ లారీలో 150 హార్స్‌పవర్ ఇంజిన్‌ను టర్బోతో 185కు పెంచింది.

భారతదేశంలో లారీలు చాలాకాలం టర్బో లేకుండానే నడిచాయి. 1993లో ఏర్పడిన టాటా కమిన్స్ సంస్థ జంషెడ్‌పూర్‌లో తయారుచేసిన ఇంజిన్లు టర్బోను మన రోడ్ల మీద మామూలు విషయంగా మార్చిన వాటిలో ముఖ్యమైనవి. ఆరు సిలిండర్లు, 5.9 లీటర్ల సామర్థ్యం గల కమిన్స్ 6బీటీ పేరులోని ‘టీ’ అక్షరం టర్బోకే గుర్తు. 2000 తర్వాత ఉద్గార నిబంధనలు బిగిసేకొద్దీ టర్బో తప్పనిసరి అయింది. దేశమంతటా బీఎస్-3 2010లో, బీఎస్-4 2017 ఏప్రిల్‌లో, బీఎస్-6 2020 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చాయి. తక్కువ పొగతో ఎక్కువ లాగుడు రావాలంటే డీజిల్‌కు తగినంత గాలి అందాలి. ఆ గాలిని అందించేది టర్బోయే.

నిర్మాణం

టర్బోలో ఒకే షాఫ్ట్‌కు రెండు కొసలా రెండు చక్రాలు ఉంటాయి. సైలెన్సర్ వైపు ఉండే టర్బైన్ వీల్‌ను నికెల్ మిశ్రమ లోహంతో, గాలి వైపు ఉండే కంప్రెసర్ వీల్‌ను అల్యూమినియంతో చేస్తారు. నడుమ బేరింగులు, వాటిని పట్టి ఉంచే హౌజింగ్ ఉంటాయి. ఈ నడిమి భాగం మొత్తాన్ని కోర్ లేదా కాట్రిడ్జ్ అంటారు. టర్బైన్‌లోకి వచ్చే వాయువుల వేడి నిండు లోడు మీద 700 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అటువైపు అంత వేడి ఉండగా, అరచేయి దూరంలో ఇటువైపు బయటిగాలి లోపలికి వస్తుంటుంది.

లారీ టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్ల దాకా తిరుగుతుంది. 80 మిల్లీమీటర్ల వ్యాసం గల కంప్రెసర్ వీల్ అంత వేగంతో తిరిగితే దాని అంచు సెకనుకు 400 మీటర్లకు పైగా కదులుతుంది. అది ధ్వని వేగం కన్నా ఎక్కువ. రెక్కల అంచుకూ హౌజింగ్ గోడకూ నడుమ సందు మిల్లీమీటరులో కొద్ది వంతులే. అందుకే రెక్కకు చిన్న గంటు పడినా, షాఫ్ట్ వెంట్రుకవాసి వంగినా బ్యాలెన్స్ తప్పుతుంది.

ఇంత వేగంలో షాఫ్ట్ బేరింగుకు తగలకుండా కాపాడేది ఆయిల్ పొర. చాలా లారీ టర్బోల్లో బాల్ బేరింగులు ఉండవు. ఆయిల్ మధ్య తేలుతూ తిరిగే బుష్ బేరింగులు ఉంటాయి. షాఫ్ట్ కొసల్లో సీళ్లు కూడా రబ్బరువి కావు, సన్నని లోహపు రింగులు. బయటి వైపున గాలి, వాయువుల ఒత్తిడి ఉన్నప్పుడే అవి ఆయిల్‌ను లోపల ఆపగలవు. టర్బో నుంచి ఆయిల్ కారిన ప్రతిసారీ టర్బో చెడినట్టు కాకపోవడానికి మూలం ఇక్కడే ఉంది.

ఆయుష్షును తగ్గించేవి

ఆయిల్ అందకపోవడం మొదటి కారణం. లెవల్ తగ్గినా, ఫీడ్ పైపు మూసుకుపోయినా, చలికి చిక్కబడ్డ ఆయిల్ పైకి చేరకముందే యాక్సిలరేటర్ తొక్కినా బేరింగు కొద్ది సెకన్లలోనే దెబ్బతింటుంది. అలా చెడిన షాఫ్ట్ మీద వేడికి నీలిరంగు తిరిగిన మరకలు కనిపిస్తాయి.

రెండోది మురికి ఆయిల్. మసి, ఇసుక, లోహపు పొడి కలిసిన ఆయిల్ బేరింగు మీద సన్నని గీతలు గీస్తూ పోతుంది. ఆయిల్, ఫిల్టర్ మార్పు వాయిదా వేసే బండ్లలో ఇది మెల్లగా, కనిపించకుండా సాగే అరుగుదల.

మూడోది బయటి వస్తువులు లోపలికి పోవడం. ఫిల్టర్ సరిగా కూర్చోకపోతే దుమ్ము కంప్రెసర్ రెక్కల అంచులను అరగదీస్తుంది. వదిలేసిన గుడ్డ ముక్క, నట్టు లాంటివి రెక్కలను ఒకే దెబ్బకు విరుస్తాయి. టర్బైన్ వైపు దెబ్బకు విరిగిన వాల్వు ముక్క, ఇంజెక్టర్ కొస, మానిఫోల్డ్ పెచ్చు లాంటివి కారణమవుతాయి.

నాలుగోది వేడి మీద ఇంజిన్ ఆపేయడం. నిండు లోడుతో మారేడుమిల్లి ఘాట్ ఎక్కి వచ్చిన లారీని డ్రైవరు టీ కొట్టు ముందు ఆపి వెంటనే తాళం తిప్పేశాడనుకుందాం. ఆయిల్ పంపు ఆగిపోతుంది, షాఫ్ట్ మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. టర్బైన్ హౌజింగ్‌లోని వేడి నడిమి భాగంలోకి పాకుతుంది. అక్కడ నిలిచిపోయిన ఆయిల్ మాడి నల్లని గట్టి పొరగా అంటుకుంటుంది. మళ్లీ మళ్లీ ఇలాగే జరిగితే ఆ పొర ఆయిల్ రంధ్రాలను మూసేస్తుంది. సీల్ రింగుల గాడుల్లో గడ్డకడుతుంది. ఎక్కువ లోడు మీద నడిచాక 3 నుంచి 5 నిమిషాలు ఐడ్లింగులో ఉంచి ఆపాలని ఇంజిన్ తయారీదారులు చెప్పేది ఇందుకే.

అయిదోది అతివేగం. టర్బోకూ ఇంజిన్‌కూ మధ్య హోస్ పైపు చిరిగితే గాలి బయటికి పోతుంది. కావలసిన ఒత్తిడి రావడానికి టర్బో మరింత వేగంగా తిరుగుతుంది. గాలి పలచగా ఉండే ఎత్తయిన ప్రాంతాల్లోనూ ఇదే ఇబ్బంది. సముద్రమట్టానికి దాదాపు 3,500 మీటర్ల ఎత్తులోని లేహ్ దగ్గర గాలి ఒత్తిడి కింది ప్రాంతాలతో పోలిస్తే మూడింట రెండు వంతులే ఉంటుంది. డీజిల్ పంపును పెంచి లాగుడు రాబట్టే అలవాటు కూడా టర్బోకు వేడినీ వేగాన్నీ పెంచుతుంది.

లక్షణాలు, పోలికలు

లాగుడు తగ్గడం, నల్లపొగ, నీలిపొగ, ఆయిల్ ఖర్చు పెరగడం, శబ్దం మారడం అన్నవి టర్బో చెడినప్పుడు కనిపించే లక్షణాలు. ఇవన్నీ వేరే కారణాలతోనూ వస్తాయి.

లాగుడు తగ్గి నల్లపొగ వస్తే డీజిల్‌కు సరిపడా గాలి అందడం లేదని అర్థం. ముందుగా ఎయిర్ ఫిల్టర్ చూడాలి. చాలా కమిన్స్ ఇంజిన్లకు ఫిల్టర్ దగ్గర అవరోధం 635 మిల్లీమీటర్ల నీటి మట్టాన్ని దాటకూడదు. తర్వాత హోస్ పైపులు, క్లిప్పులు, టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, మానిఫోల్డ్ గాస్కెట్ చూడాలి. పొగ లేకుండా లాగుడు మాత్రమే తగ్గితే డీజిల్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండే అవకాశం ఎక్కువ.

నీలిపొగ అంటే ఆయిల్ కాలుతోంది. అది టర్బో సీళ్ల నుంచి రావచ్చు, అరిగిన పిస్టన్ రింగుల నుంచీ రావచ్చు. ఎక్కువ కిలోమీటర్లు తిరిగిన ఇంజిన్లలో రెండోదాన్ని మరిచిపోకూడదు. ఆయిల్ పోసే మూత తీస్తే పొగ గుప్పుమని కొడితే మెకానిక్కులు దాన్ని బ్యాక్ కంప్రెషన్ అంటారు. క్రాంక్‌కేసులో అలా ఒత్తిడి పెరిగినా, బ్రీదర్ పైపు మూసుకుపోయినా టర్బోలోని ఆయిల్ కిందికి దిగలేదు. తన బరువుతో తాను జారాల్సిన ఆయిల్ దారి లేక సీళ్లను దాటి బయటికి వస్తుంది. అప్పుడు కొత్త టర్బో వేసినా అదీ కారుతుంది. గంటల తరబడి ఐడ్లింగులో నడిచే బండ్లలో కూడా బయటి ఒత్తిడి లేక కాస్త ఆయిల్ కారవచ్చు.

శబ్దంలో తేడాను అనుభవం ఉన్న డ్రైవరు ఇట్టే పట్టేస్తాడు. లోడు పడేకొద్దీ సన్నగా పెరిగే ఈల సహజం. ఆ ఈల సైరన్‌లా హెచ్చుతగ్గులతో మోగితే బ్యాలెన్స్ తప్పడమో రెక్క గోడకు రాసుకోవడమో జరుగుతోందని అనుమానించాలి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బుస్సుమంటే ఎక్కడో పైపు చిరిగింది. మానిఫోల్డ్ గాస్కెట్ పోతే టకటకమంటుంది, పక్కన మసి చార కనిపిస్తుంది.

కంప్రెసర్ వైపు పైపులో పలచని ఆయిల్ తడి ఉండటం ఒక్కటే మార్పిడికి కారణం కాదు. క్రాంక్‌కేసు ఆవిరిని మళ్లీ గాలిదారిలోకి పంపే ఇంజిన్లలో ఆ తడి మామూలే. ఇంటర్‌కూలర్ అడుగున ఆయిల్ నిలిచి ఉంటే మాత్రం ఆలోచించాలి.

పరీక్షలు

ముందుగా గాలిదారి పరీక్ష. ఇంటర్‌కూలర్‌ను రెండు వైపులా మూసి దాదాపు 30 పీఎస్ఐ ఒత్తిడితో గాలి నింపి సరఫరా ఆపుతారు. 15 సెకన్లలో 5 నుంచి 7 పీఎస్ఐకి మించి తగ్గకూడదన్నది పలు ఇంజిన్ల కంపెనీలు పెట్టిన హద్దు. అతుకుల దగ్గర సబ్బునీళ్లు రాస్తే కారే చోటు బుడగలతో బయటపడుతుంది.

రెండోది బూస్ట్, అంటే టర్బో నింపే గాలి ఒత్తిడి కొలత. షెడ్డులో ఖాళీ బండిని రేజ్ చేసి చూస్తే ప్రయోజనం లేదు. లోడు పడితేనే వాయువుల్లో బలం ఉంటుంది. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు గేజి కట్టి, లోడు బండిని ఎత్తు మీద నిండు యాక్సిలరేటర్‌తో నడిపి చూడాలి. ఇంటర్‌కూలర్ ఉన్న లారీ ఇంజిన్లలో ఇది సాధారణంగా 1 నుంచి 2 బార్ల మధ్య ఉంటుంది, కొత్త ఇంజిన్లలో ఇంకా ఎక్కువ. పోల్చాల్సింది ఆ ఇంజిన్‌కు మాన్యువల్‌లో ఇచ్చిన అంకెతోనే.

మూడోది షాఫ్ట్ ప్లే, అంటే షాఫ్ట్ ఎంత కదులుతోందన్నది. ఇంజిన్ ఆపి, పూర్తిగా చల్లారాక కంప్రెసర్ వైపు పైపు విప్పుతారు. రెక్కలను టార్చి వెలుతురులో ఒక్కొక్కటిగా చూస్తారు. అంచులు నున్నగా, సమానంగా ఉండాలి. హౌజింగ్ లోపలి గోడ మీద మెరిసే చార కనిపిస్తే రెక్క అక్కడ రాసుకుంది. తర్వాత షాఫ్ట్ కొసను వేలితో నెమ్మదిగా తిప్పుతారు. అది ఎక్కడా పట్టేయకుండా తేలిగ్గా తిరగాలి. ఒకవైపు నొక్కిపట్టి తిప్పినప్పుడు కూడా రెక్క గోడకు తగలకూడదు.

ఇక్కడే పొరపాటు ఎక్కువగా జరుగుతుంది. షాఫ్ట్ పక్కలకు కాస్త కదిలితే చాలు, టర్బో పోయిందని తీర్పు చెప్పేస్తారు. ఇంజిన్ ఆగినప్పుడు బుష్ చుట్టూ ఆయిల్ పొర ఉండదు కాబట్టి పక్కలకు కొంత కదలడం సహజం. ముందువెనకలకు కదలడం మాత్రం చేతికి తెలిసీ తెలియనట్టు ఉండాలి. చాలా లారీ టర్బోల్లో ముందువెనకల ప్లే మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూ ఉంటుంది. పక్కల ప్లే, వీల్ ముక్కు దగ్గర కొలిస్తే, అంతకు మూడు నాలుగు రెట్లు ఉంటుంది. వేలికి అందని ఈ తేడాను అయస్కాంతపు స్టాండు మీద డయల్ గేజి బిగించి కొలుస్తారు. మోడల్‌ను బట్టి హద్దు మారుతుంది.

ఒక్కసారి తీసిన కొలత కన్నా వరుస కొలతలు విలువైనవి. సర్వీసు చేసిన ప్రతిసారీ ప్లే, బూస్ట్, పోసిన ఆయిల్ లెక్క బండి పుస్తకంలో రాసుకుంటే సంగతి స్పష్టమవుతుంది. అయిదు లక్షల కిలోమీటర్ల దగ్గర ఉన్న ప్లే ఏడు లక్షల దగ్గరా అంతే ఉంటే ఆ టర్బో ఆరోగ్యంగా ఉన్నట్టే. హద్దులోపలే ఉన్నా రెండు సర్వీసుల మధ్య గబగబా పెరిగితే పాతబడని టర్బోనైనా అనుమానించాలి.

మార్చాల్సిన స్థితులు

రెక్క విరిగినా, వంగినా, గోడకు రాసుకున్నా ఆలోచించకుండా మార్చాలి. ముందువెనకల ప్లే హద్దు దాటడం, షాఫ్ట్ పట్టేయడం, టర్బైన్ హౌజింగ్ గోడ లోపలి నుంచి బయటిదాకా పగలడం కూడా ఈ కోవలోవే. బ్రీదర్, ఆయిల్ కిందికి దిగే రిటర్న్ పైపు బాగుండి కూడా ఆయిల్ ధారగా కారుతుంటే సీళ్లు పోయినట్టే.

ఇలాంటి బండిని ‘ఈ ట్రిప్పు కానిద్దాం’ అని నడపడం ప్రమాదకరం. సీళ్లు పూర్తిగా పోతే ఇంజిన్ తన ఆయిల్‌నే ఇంధనంగా తాగి, తాళం తీసినా ఆగకుండా విపరీత వేగంతో తిరగవచ్చు. అప్పుడు టాప్ గేరు వేసి, బ్రేకు బలంగా తొక్కి క్లచ్ వదిలి ఇంజిన్‌ను ఆపించాలి. కంప్రెసర్ వీల్ పగిలితే ముక్కలు ఇంటర్‌కూలర్‌లో చేరి, అక్కడి నుంచి సిలిండర్లకూ వెళ్లే ప్రమాదం ఉంది.

కొలతలన్నీ హద్దులో ఉంటే కిలోమీటర్లు ఎన్నయినా టర్బోను ఉంచవచ్చు. ఇంజిన్‌ను పూర్తిగా విప్పి బోరు చేయించేటప్పుడు మాత్రం లెక్క మారుతుంది. రింగులు, బేరింగులు అరిగి రాలిన పొడి టర్బో ఆయిల్ దారుల్లోనూ చేరి ఉంటుంది. అప్పుడు టర్బోను కూడా విప్పి చూడటం, పాతదైతే కోర్ మార్చడం తెలివైన పని. మెయిన్ బేరింగులు కరిగిన ఇంజిన్‌లో పాత టర్బోను విప్పకుండా బిగిస్తే కొత్త రిపేరును పణంగా పెట్టినట్టే.

కొత్తదా, రీకండిషనా

మార్కెట్లో మూడు దారులున్నాయి. కంపెనీ కొత్త టర్బో ఖరీదైనది, నమ్మకమైనది. రెండు హౌజింగులూ బాగుంటే కోర్ ఒక్కటే మార్చుకోవచ్చు. ఎక్కువమంది ఎంచుకునేది ఇదే. మూడోది రీకండిషన్. విజయవాడ జవహర్ ఆటోనగర్ లాంటి పేటల్లో టర్బో పనికే ప్రత్యేకమైన షాపులు ఉంటాయి.

రీకండిషన్ మంచిదా కాదా అన్నది బ్యాలెన్సింగ్ మీద ఆధారపడుతుంది. షాఫ్ట్, చక్రాలు విడివిడిగానూ, మొత్తం కోర్ బిగించాక మళ్లీ అధిక వేగంలోనూ బ్యాలెన్స్ చేయాలి. యంత్రం లేని షాపులో బుష్, రింగులు మాత్రం మార్చి ఇచ్చిన టర్బో మొదట్లో బాగానే పాడుతుంది, లోడు పడ్డాక బయటపడుతుంది. బ్యాలెన్సింగ్ రిపోర్టు అడిగి తీసుకోవడం ఓనరు హక్కు. డూప్లికేట్ కోర్లలో వీల్ కొలతలు కాస్త తేడాగా ఉన్నా బూస్ట్, మైలేజీ, పొగ మూడూ మారిపోతాయి. కొనేటప్పుడు పాత టర్బో పేరు పలక మీది పార్టు నంబరును సరిపోల్చుకోవాలి.

బిగింపు

కొత్త టర్బోలు త్వరగా పోవడానికి బిగింపు లోపాలు పెద్ద కారణం. పాతది ఎందుకు పోయిందో తేలకుండా కొత్తది పెట్టకూడదు. ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. లోపల మాడు పట్టిన ఫీడ్ పైపును కడిగి సరిపెట్టుకోకుండా కొత్తది వేయాలి. రిటర్న్ పైపు వంపులు లేకుండా కిందికి దిగాలి. ఇంటర్‌కూలర్‌లో మిగిలిన ఆయిల్, లోహపు ముక్కలు పూర్తిగా తీసేయాలి. ముక్కలు పట్టుకున్న ఇంటర్‌కూలర్ శుభ్రం కాకపోతే మార్చాలి. ఆయిల్ ఫ్లాంజీల దగ్గర గాస్కెట్ బదులు సీలెంట్ రాయకూడదు. ఎక్కువై లోపలికి పిండుకుపోయిన సీలెంట్ ఆయిల్ రంధ్రానికి అడ్డుపడుతుంది.

ఆఖరిగా ఫీడ్ రంధ్రంలో శుభ్రమైన ఆయిల్ పోసి షాఫ్ట్‌ను చేత్తో తిప్పాలి. డీజిల్ ఆపి, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా సెల్ఫ్ కొట్టాలి. స్టార్ట్ అయ్యాక కొన్ని నిమిషాలు ఐడ్లింగులోనే ఉంచి, అతుకులన్నీ చూసి, ఆ తర్వాతే లోడు పెట్టాలి.

బీఎస్-6 బండ్లు

కొత్త తరం లారీల్లో టర్బో ఒక్కటే విడిగా లేదు. దాని వెనుక మసిని పట్టే ఫిల్టరు, నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే ఉత్ప్రేరకం ఉంటాయి. టర్బో నుంచి కారిన ఆయిల్ నేరుగా వాటిలోకి చేరి బూడిదగా పేరుకుపోతుంది. పాత బండిలో కొన్నాళ్లు ఓర్చుకున్న లీకును ఇక్కడ ఓర్చుకుంటే, టర్బోతో పాటు మరో ఖరీదైన భాగం ఖర్చు కూడా మీద పడుతుంది.

కొన్ని ఇంజిన్లలో టర్బైన్ వైపు వాయువుల దారిని వెడల్పు చేస్తూ, ఇరుకు చేస్తూ పనిచేసే వేరియబుల్ జామెట్రీ టర్బోలు ఉంటాయి. వాటిలో షాఫ్ట్ బాగున్నా మసి పట్టి లోపలి రింగు ఇరుక్కుపోవచ్చు, కదిలించే యాక్చుయేటర్ చెడవచ్చు. అప్పుడు స్కానర్‌తో ఫాల్ట్ కోడ్ చదివి, యాక్చుయేటర్ కదలికను పరీక్షించాలి. శుభ్రం చేస్తేనో, యాక్చుయేటర్ ఒక్కటే మార్చి క్యాలిబ్రేట్ చేస్తేనో పని జరిగే సందర్భాలు ఉంటాయి. ఫాల్ట్ కోడ్ ‘బూస్ట్ తక్కువ’ అని మాత్రమే చెబుతుంది. చిరిగిన హోస్ పైపుకూ చెడిన టర్బోకూ వచ్చేది చాలాసార్లు అదే కోడ్.

ఖర్చు లెక్క

టర్బో మార్పిడిలో నష్టం రెండు విధాలుగా వస్తుంది. బాగున్న టర్బోను తీసేయడం ఒకటి, చెడినదాన్ని ఉంచడం మరొకటి. మొదటిదానిలో పోయేది టర్బో ధర. అసలు లోపం అలాగే ఉండి బండి మళ్లీ షెడ్డుకే వస్తుంది. రెండోదానిలో దారిలో ఆగిన సరుకు, లాగుడు బండి కిరాయి, ఒక్కోసారి ఇంజిన్ మొత్తం పోతాయి. ఇంటర్‌కూలర్ పరీక్షకు, బూస్ట్ గేజికి, డయల్ గేజికి కలిపి పట్టేది ఒక పూట పని. ఏ నష్టంతో పోల్చినా అది చిన్న ఖర్చే. అందుకే పాత ఇంజిన్ ఉన్న ఓనరు మెకానిక్‌ను మొదట అడగాల్సింది కొత్త టర్బో ధర కాదు, పాతదాని ప్లే ఎంత, బూస్ట్ ఎంత అని.